పరీక్ష పాసైన ఫోను

ఆ రోజుల్లో వస్తువు కొనడమంటే ముందు దాన్ని అనుమానించడం. బిందె కొంటే నీళ్లు పోయించి ఎత్తి చూసేవాళ్లం, గొడుగు కొంటే కొట్టు బయటికొచ్చి గాలికి ఎదురుగా విప్పేవాళ్లం, చెప్పులు కొంటే వీధి చివరిదాకా నడిచి చూసేవాళ్లం (కొట్టువాడు మన వెనకే నడిచేవాడు, అది వేరే సంగతి). ఇప్పుడో? దాని గొప్పలన్నీ అట్టపెట్టె మీద అచ్చేసి ఉంటాయి, నమ్మి డబ్బు కట్టి రావాలి. నమ్మడం నా ఉద్యోగంలో లేదు. నేను బడికి వెళ్లింది అయిదో తరగతి దాకానే. మిగతా చదువంతా ఉక్కు కర్మాగారంలో, పరీక్షలు చేసే షెడ్డులో, మిషన్ల పక్కన దారం కట్టి వేలాడదీసిన ఇంగ్లీషు పుస్తకాలు కూడబలుక్కుని చదివిందే. అక్కడ నా పని, తయారైన కడ్డీల్లోంచి ఒక ముక్క కోయించి, మిషనుకి రెండు వైపులా బిగించి, తెగేదాకా లాగడం. ఎంత లాగితే తెగిందో రాసి నేను సంతకం పెడితేనే మిగతా సరుకు గేటు దాటేది. అలాంటి చేతికి స్మార్ట్‌ఫోన్ కొనే పని తగిలింది.

ఇది కొన్నేళ్ల కిందటి మాట, నాకప్పుడు డెబ్బై ఒకటి. కూర్మన్నపాలెంలో మా బావ ఉండేవాడు. బావంటే మా అప్ప మొగుడు (అక్కని మా వైపు అప్ప అంటాం). ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌లో నీలం అద్దం పట్టుకుని ముప్పై ఏళ్లు నిప్పులోకి చూసిన మనిషి. ఆ ఏడు ఫ్యానుకి పట్టిన బూజు దులుపుతానని స్టూలెక్కి, పడి, తుంటి విరగ్గొట్టుకుని మంచానికి అతుక్కుపోయాడు. అంతలో నవంబర్ వచ్చింది. నవంబర్ వస్తే పింఛనీదారులు తాము బతికే ఉన్నామని రుజువు చూపాలి. నెలాఖరు దాటితే పింఛను ఆగిపోతుంది, ఆగినదాన్ని మళ్లీ కదిలించాలంటే మనిషే వెళ్లి ఆఫీసులో నిలబడాలి. బావ కూర్చోవడమే కష్టం, నిలబడడం ఎక్కడ? ఆ పింఛనులోంచే ఆయన మందులు, వాళ్లిద్దరి తిండి. నెట్ సెంటర్ కుర్రాడు ఇంటికే వచ్చి చేసిపెడతానన్నాడు. వద్దన్నది ఎవరు? నేనే. "ఈమధ్య ఫోన్‌లో ముఖం చూపిస్తే చాలట బావా. ఎలాగూ ఫోన్ కొందామనుకుంటున్నా. నీ పని నా ఫోన్‌తోనే మొదలెడతా" అని వాణ్ణి గుమ్మంలోంచే పంపేశాను. అది నెల మొదట్లో. ఆ తరవాత నేను ఫోన్ల గురించి చదువుకోవడంలో పడ్డాను. చదవగా చదవగా నెలాఖరు రోజు తెల్లారింది.

పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. "ఏటి బావా, కొన్నావా, ఇంకా సదువుతున్నావా? మెట్రిక్ పరీచ్చకి కూడా ఇంత సదవలేదు నువ్వు."

"మెట్రిక్ నేను రాయనే లేదు కదా బావా."

"అదే సెప్తన్నాను. ఇయ్యాల దాటిపోతే నాను సచ్చిపోయినట్టే లెక్క. పక్కనే గాజువాకలో ఏదో ఒకటి కొనీసి రా."

గాజువాకలో ఏదో ఒకటి కొనేవాణ్ణయితే నెలంతా ఎందుకు చదివినట్టు? బస్సెక్కి అంత దూరం ద్వారకా నగర్ పోయాను. అక్కడ ఓ పెద్ద షాపు, ఏసీ చలి, గోడ పొడుగునా వెలుగుతున్న ఫోన్లు. విజయనగరం వైపు నుంచి వచ్చినట్టున్న ఒక సేల్స్ అమ్మాయి నా పక్కన చేరింది. మరీ చవకది వద్దు, మరీ ఖరీదైనదీ వద్దు, మధ్యరకం చూపించమన్నాను. ఇరవై రెండు వేలది ఒకటి చేతిలో పెట్టింది. అడగాల్సినవన్నీ గళ్లు గీసి రాసుకున్న నోట్‌బుక్ తీశాను.

"వెనకాల నాలుగు కెమెరాలు సార్" అంది. నేను ఒక్కో కంటినీ బొటనవేలితో మూసి తెర వైపు చూశాను. రెండు కళ్లు మూసినా బొమ్మలో ఏ తేడా లేదు. "ఈ రెండూ ఏం చేస్తున్నాయమ్మా?" అంటే నవ్వి, "లుక్ కోసం సార్" అంది. చూపు లేని కళ్లని లుక్ కోసం పెట్టారట! రాసుకున్నాను. ర్యామ్ ఎనిమిది, దానికి తోడు వర్చువల్‌గా ఇంకో ఎనిమిది అంది. లేనిదాన్ని ఉన్నట్టు చూపితే మా షెడ్డులో ఉద్యోగం ఊడేది, ఇక్కడ దాన్ని అట్టపెట్టె మీద బంగారు అక్షరాలతో వేశారు. పెట్టెలో చార్జర్ లేదన్నారు. ఆ మాటకి నా గొంతు కొంచెం లేచింది (ఆ రోజు మొదటిసారి లేచింది అక్కడే, ఆఖరిసారి కాదు). బ్యాటరీ రోజున్నర వస్తుందట, సౌండ్ పెంచితే కొట్టంతా వినిపించింది, ఆ రెండూ బాగున్నాయని ఒప్పుకోవాలి. "నాలుగేళ్లు అప్‌డేట్లు వస్తాయి సార్" అంది. నాకు ఎన్నేళ్లు వస్తాయో ఎవరూ రాసివ్వలేదు గనక ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఈలోగా నా బటన్ ఫోన్ రెండుసార్లు మోగింది. రెండోసారి అప్ప. "తమ్ముడా, పన్నెండు దాటిపోనాది. ఈయన అన్నం ముట్టటం లేదు. దారంట సూత్తన్నాడు." వస్తున్నానన్నాను. అన్నాక వచ్చేయాలి కదా! రాలేదు. నోట్‌బుక్‌లో ఇంకో ఆరు ప్రశ్నలున్నాయి. వాటిలో చివరిది, "పడితే తట్టుకుంటుందా?"

"గట్టి గ్లాస్ సార్, పడినా ఏం కాదు" అంది అమ్మాయి.

"ఎలా తెలుసు?"

"కంపెనీ వాళ్లు టెస్ట్ చేస్తారు సార్."

"నేను చేయొచ్చా?"

"చెయ్యండి సార్, డెమో పీసే కదా" అని పక్కనున్న ఇంకొకరి వైపు తిరిగింది.

ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. అనుమతి అడిగాను, ఇచ్చారు. ఫోన్‌ని మొలెత్తున పట్టుకున్నాను, మనిషి జేబులోంచి జారేది అక్కణ్ణించే కనక. వదిలేశాను. నున్నటి రాతి నేల మీద ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను వంగి ఫోన్ తీసి, నాలుగు మూలలూ చూసి, నోట్‌బుక్‌లో "పాస్" అని రాస్తుండగా మేనేజర్ పరుగెత్తుకొచ్చాడు. గోదావరి జిల్లా మనిషి.

"ఏవండీ, ఏంటండీ ఇది! పెద్దవారై ఉండి ఫోను నేలకేసి కొడతారేంటండీ?"

"కొట్టలేదు, వదిలాను. కొట్టడం వేరు, వదలడం వేరు."

"మూల నొక్కుపోయిందండీ, చూడండి! దీన్నిప్పుడు ఎవరు కొంటారండీ?"

"నేనే కొంటాను" అన్నాను.

నేను విడమరిచి చెప్పాను. "చూడండి, మీ కొట్టులో ఇన్ని ఫోన్లున్నాయి. పరీక్ష పాసైంది ఇదొక్కటే. మిగతావి పరీక్ష రాయనే లేదు. నేను ఎప్పుడూ ముక్కని తెంపి, తెగని సరుకుని పంపించినవాణ్ణి. పరీక్ష దాటి బతికిన ముక్క నా సర్వీసులో ఒక్కటీ దొరకలేదు. ఇది దొరికింది." ఆయన అమ్మాయి వైపు చూశాడు, అమ్మాయి సీలింగ్ వైపు చూసింది. డిస్‌ప్లే పీసని పద్దెనిమిది వేలకి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు ఏదో చెప్పబోయాడు, "ఇందులో ఒకటుందండీ, ముందు మావాళ్లు తీసి..." అని. గోడ గడియారం రెండు చూపిస్తోంది. నేను వినలేదు, బిల్లు లాక్కుని కాంప్లెక్స్ బస్టాండు వైపు దాదాపు పరుగెత్తాను.

బస్సు గాజువాక దగ్గర ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు. నేను సిమ్ మార్చుకుని, చదివిన చదువంతా ఉపయోగించి పింఛను యాప్ దింపుకుంటున్నాను. సగంలో ఉండగా తెర మీద ఒక పిల్ల ప్రత్యక్షమై డాన్సు మొదలెట్టింది. గట్టిగా పాట! బస్సంతా నా వైపు తిరిగింది. వేలు పెడితే పోయింది. ఒక నిమిషం ముట్టుకోకపోతే మళ్లీ వచ్చింది. మేనేజర్ చెప్పబోయింది ఇదని అప్పుడు అర్థమైంది. అది షాపులో గోడ మీద ఉండాల్సిన ఫోను, ఎవరూ ముట్టుకోకపోతే తన ప్రకటన తను వేసుకోవడం దాని ఉద్యోగం. ఫోన్‌లో టైము చూసుకున్నాను. ఆఫీసు అయిదింటికి మూసేస్తే యాప్ కూడా మూసేస్తారని మా బావకీ నాకూ గట్టి నమ్మకం. (నవ్వకండి. మూసెయ్యరని ఎవరైనా మాకు చెప్పారా?)

నాలుగుంపావుకి బావ ఇల్లు చేరాను. బావ మంచం మీద దిండ్లకి జేరబడి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నుదుట బొట్టుతో సిద్ధంగా ఉన్నాడు. ముఖంలో మాత్రం రక్తం లేదు. నన్ను తిట్టలేదు. అందుకే నాకు భయం వేసింది. మూడు నెలల్లో చెంపలు లోపలికి పోయాయి, ఆ ముఖాన్ని పాత ఫోటోతో పోల్చి ఫోన్ ఒప్పుకుంటుందా అని అప్పుడు కొత్త భయం పట్టుకుంది. నెట్ సెంటర్ కుర్రాణ్ణి గుమ్మంలోంచే పంపేసిన నా చెయ్యి నాకే కనబడింది.

నంబర్లన్నీ కొట్టాను. తెర మీద గుండ్రటి గీత వచ్చింది, అందులో ముఖం కదలకుండా ఉంచి కళ్లు ఆర్పమంది. ఉంచాడు. ఆర్పలేదు. "కళ్లార్పు బావా." "ఆర్పుతున్నాను కదేటి!" ఆర్పడం లేదు. నిప్పులోకి ముప్పై ఏళ్లు చూసినవాడు, ముఖ్యమైన వస్తువు ఎదురుగా ఉంటే రెప్ప వేయకుండా చూడడమే అలవాటు. యాప్ కాలేదంది. మళ్లీ మొదట్నుంచి. మూడోసారి సరిగ్గా గీత మధ్యకి ముఖం వచ్చిందో లేదో, డాన్సు పిల్ల వచ్చేసింది.

"ఎవుతిది?" అన్నాడు బావ.

"ప్రకటన. ముట్టుకోకపోతే వస్తుంది."

"అయితే ముట్టుకో!"

"ముట్టుకుంటే ఫోన్ కదిలి ముఖం గీత దాటిపోతోంది బావా!"

అయిదుకి పది నిమిషాలుంది. కిటికీలో వెలుగు పలచబడుతోంది. అప్పుడు అప్ప వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. విషయం విని, నా పక్కన నిలబడి, చూపుడువేలితో తెర మూల మీద చిన్నగా తడుతూ ఉండిపోయింది, నిద్రపోయే పసిపిల్లని జోకొట్టినట్టు. డాన్సు పిల్ల రాలేదు. కళ్లార్పడం మిగిలింది. అప్ప తట్టడం ఆపకుండానే మొగుడి వైపు తిరిగింది.

"స్టూలెక్కమని నాను సెప్పినానా? బూజు ఉంటే ఏటి, కొంప మునిగిపోనాదా? డెబ్బయ్యెనిమిదేళ్లోడికి ఫేను తుడిసే సరదా ఏటి? మూడ్నెల్ల నుంచి ఎత్తీ దించీ నా నడుం ఇరిగిపోతన్నాది, తెలుస్తన్నాదా నీకు?"

బావ రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన కళ్లార్పింది ఆమె తిట్టినప్పుడే. గీత ఆకుపచ్చగా మారింది. నమోదైందని వచ్చింది. నేను పైకి చదివాను, ఒకటికి రెండుసార్లు.

"అంటే నాను బతికున్నట్టేనా?" అన్నాడు బావ.

"ఉన్నావు. వచ్చే నవంబర్ దాకా."

అప్ప అన్నం తేవడానికి వంటింట్లోకి పోయింది. పోతూ కొంగుతో కళ్లొత్తుకోవడం నేను చూడనట్టు ఊరుకున్నాను. బావ ఫోన్ చేతిలోకి తీసుకుని, నొక్కుపోయిన మూల తడిమి, "కొత్త ఫోనుకి ఈ సొట్టేటి?" అన్నాడు. చెప్పాను. తుంటి నొప్పెడుతున్నా పట్టుకుని నవ్వాడు, స్టూలు మీంచి పడ్డాక అదే మొదటి నవ్వు. అలా నవ్వుతూ ఎక్కడో నొక్కాడు, కెమెరా తెరుచుకుంది. తెరలో తన ముఖం చూసి, "ఈ ముసిలోడెవుడు బావా?" అన్నాడు. చూద్దామని నేనూ తల వంచాను, పక్కన నా ముఖం వచ్చింది. "ఈడు ఇంకా ముసిలోడు!" అన్నాడు.

ఇద్దరం ఆ తెరలోంచి ఒకరినొకరు చూసుకుంటూ నవ్వుతున్నాం. ఫోటో తీద్దామని నేను బటన్ వెతుక్కుంటున్నాను. ఏది బటనో తేల్చుకునేలోపే డాన్సు పిల్ల వచ్చేసింది.

అందుకే ఆ ఫోటో లేదు. ఉంటే చూపించేవాణ్ణి, ఆ రోజు మేమిద్దరం ఎంత కుర్రాళ్లలా ఉన్నామో.