ఫ్లైఓవర్ మీద నేర్చుకున్న కొండ

మా వదిన సైకిల్‌ని చూసి ఆ పెద్దాయన టోపీ తీశాడు. సైకిల్‌కి టోపీ తీసే మనిషిని అంతకు ముందు నేనెక్కడా చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని కడ్డీ బ్రేకులు పట్టుకుని చూశాడు, గొలుసు మీది రేకు కవర్‌ని వేలితో తట్టి ఆ చప్పుడు విన్నాడు, తోటివాళ్ళని కేకేసి పిలిచాడు. ఇటలీలో ఒక కొండ ఊరది. ఏటా ఒక రోజు పాతకాలపు సైకిళ్ళ మీద, పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా ఆ చుట్టుపక్కల కొండలన్నీ ఎక్కి దిగుతారు. ముందు రోజు బండ్లు నిజంగా పాతవేనా అని తనిఖీ చేస్తారు, ఆ పెద్దాయన పని అదే. ఆ వరసలో మెరుస్తున్న సన్న చక్రాల రేసు సైకిళ్ళ మధ్య మా నల్లటి లేడీస్ సైకిళ్ళు రెండూ నిలబడి ఉన్నాయి.

వదిన అంటే మా ఆయన అక్కగారు. ఘాజియాబాద్‌లో స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. ఆవిడ సైకిల్ ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ దాని మీదే స్కూలుకి వెళ్ళింది. నాది అలా కాదు. కొన్నేళ్ళ క్రితం, ఢిల్లీ ఆర్.కె. పురంలోని మా క్వార్టర్ నుంచి మార్కెట్‌కి వెళ్ళి రావడానికి కొన్నాను. రెండూ పక్కపక్కన పెడితే ఏది పాతదో ఏది కొత్తదో ఆ పెద్దాయన తేల్చుకోలేకపోయాడు. నాది కొత్తదని నేనే చెప్పాను. ఇది ఇప్పటికీ దుకాణంలో అమ్ముతారా అని ఆయన అడిగితే, మా వీధిలో పాలాయన కూడా ఇలాంటిదే తొక్కుతాడన్నాను. ఆయన నోరెళ్ళబెట్టాడు. పాత పద్ధతిలో చేసిన కొత్త బండ్లకీ అనుమతి ఉందట, నా బండికి కూడా నంబరు కట్టారు. వీళ్ళు అద్దాల బీరువాలో దాచుకునే వస్తువు మన దగ్గర ఇంకా గోధుమపిండి బస్తా మోస్తోందేమిటా అని ఆ రోజంతా నాకు అదే ఆలోచన.

అసలు మేమక్కడికి ఎలా చేరామో చెప్పాలి. ఒక ఆదివారం ఇండియా గేట్ దగ్గర ఎవరో ఒకాయన మా సైకిళ్ళకి ఫోటోలు తీసుకుంటూ, ఇలాంటి వాటి కోసమే ఇటలీలో ఒక యాత్ర ఉందని చెప్పాడు. ఎవరైనా ఏదైనా చెబితే దాని అంతు చూడకుండా నిద్రపట్టని మనిషిని నేను. ఇంటికొచ్చి ఫోన్లో వెతికి, వీడియోలన్నీ చూసి, వదినకి చూపించాను. మా ఆయన మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆయన టీ తాగుతూ, "పాలవాడి బండి తొక్కడానికి విమానంలో వెళ్తారా? ఆఫీసు వాళ్ళిచ్చే ఎల్‌టీసీ డబ్బు కూడా రాదు," అన్నారు. నేను నవ్వాను. వదిన నవ్వలేదు. వీడియో మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది.

ఆవిడ మోకాళ్ళు రెండూ అరిగిపోయి ఉన్నాయి. ఆపరేషన్ చెయ్యక తప్పదని డాక్టరు అప్పటికే చెప్పాడు. ఆ తర్వాత నడవచ్చు, ఇంట్లో నిలబెట్టిన సైకిల్ తొక్కుకోవచ్చు, రోడ్డు మీద మాత్రం ఇక వద్దని, పడితే మళ్ళీ బాగుచెయ్యడం తన వల్ల కాదని తేల్చేశాడు. ఆ సంగతి ఆవిడ మాకు చెప్పింది ఆ వీడియో చూసిన రోజే.

"ఆపరేషన్ అక్కణ్నుంచి తిరిగొచ్చాక చేయించుకుంటానమ్మాయ్," అంది. "డాక్టర్‌తో మాట్లాడాను. మెల్లిగా తొక్కితే ఠీక్ హై అన్నాడు. ఆఖరిసారి తొక్కేది మంచిది తొక్కుతా. బయల్దేరిన చోట నుంచి చివర గీత దాకా నా బండి మీదే పోవాలి. అలిసిపోయినవాళ్ళని ఎక్కించుకునే వ్యాన్ ఒకటుంటుందని చూపించావు చూడు, అది మాత్రం ఎక్కను."

ఇక దానికి తిరుగులేదు. మా ఆయన కూడా టీ గ్లాసు పక్కన పెట్టి, అక్క మొహం చూసి, టిక్కెట్ల సంగతి కనుక్కుంటానన్నారు.

ఢిల్లీలో కొండలెక్కడున్నాయి? మాకున్న కొండలు ఫ్లైఓవర్లే. వదిన సైకిల్‌ని మా క్వార్టర్‌లోనే ఉంచేసుకుని, శనివారం సాయంత్రం ఆవిడ మెట్రోలో మా ఇంటికి వచ్చేది. ఆదివారం తెల్లవారుతూనే, లారీలు తగ్గి బస్సులు ఇంకా మొదలవని వేళ, ఇద్దరం మునీర్కా ఫ్లైఓవర్ ఎక్కేవాళ్ళం. ఎక్కేటప్పుడు తేలిగ్గా ఉండాలని సైకిల్ షాపులో వెనక చక్రానికి గొలుసు తిరిగే పళ్ళ బిళ్ళ, ఫ్రీవీల్, పెద్దది వేయించాం. ఫ్లైఓవర్ ఎక్కడానికి ఒక పద్ధతి ఉంది. కింద నుంచే బలంగా తొక్కుకుంటూ రావాలి, ఆ ఊపుతో సగం దూరం పోతాం, మిగతా సగం పళ్ళు బిగించి తొక్కితే పైకి చేరతాం. అక్కణ్నుంచి ఊరికే కూర్చుంటే చాలు, బండి దానంతటదే దిగిపోతుంది. కింద రోడ్డు చదునుగా ఉంటుంది కాబట్టి దాని వేగం అదే చచ్చిపోతుంది. బ్రేకు ముట్టుకునే పనే లేదు. రింగ్ రోడ్డు మీద ఒకదాని తర్వాత ఒకటి అలా ఎక్కి దిగి, ఇంటికొచ్చి పెసరట్లు తిని, కొండలెక్కడం వచ్చేసిందనుకునేవాళ్ళం. వదిన ఎప్పుడూ ముందు, నేను వెనక. చలికాలంలో పొగమంచు పట్టినా మానలేదు. వాకింగ్‌కి వచ్చే ఆంటీలు మమ్మల్ని చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు.

ఇటలీలో మొదటి కొండకే మా చదువు బయటపడింది. మేం అన్నిటికన్నా చిన్న దారి ఎంచుకున్నాం. చిన్నదన్న మాటేగానీ, వదిన ఇంటి నుంచి మా క్వార్టర్‌కి వచ్చి, మళ్ళీ సగం దూరం వెనక్కి పోయినంత ఉంటుంది. ద్రాక్షతోటల మధ్య తెల్లటి మట్టి రోడ్డు. దూరంగా ఎత్తు కనపడగానే అలవాటు కొద్దీ ఇద్దరం ఊపు అందుకున్నాం. ఊలు బనియన్లు వేసుకున్న ముసలివాళ్ళు మెల్లిగా, కబుర్లు చెప్పుకుంటూ తొక్కుతుంటే వాళ్ళ పక్కనుంచి దూసుకుపోయాం. మలుపు తిరిగితే పైభాగం వస్తుందనుకున్నాను. మలుపు తిరిగితే ఇంకో ఎత్తు. దాని మలుపు తిరిగితే మరోటి. ఊపిరి గొంతులో అడ్డుపడి, రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాం. ఇందాకటి ముసలివాళ్ళు అదే వేగంతో, అవే కబుర్లతో మమ్మల్ని దాటి వెళ్ళారు. ఒకావిడ వదిన సల్వార్ కమీజునీ, పిన్నులు పెట్టిన చున్నీనీ చూసి పాతకాలపు వేషం చాలా బాగుందని చేతులతో మెచ్చుకుంది. అవి ఆవిడ రోజూ వేసుకునే బట్టలే.

"ఇది ఫ్లైఓవర్ కాదమ్మాయ్," అంది వదిన, రొప్పుతూ. "దీన్ని ఎవరూ మనకోసం లెక్కవేసి కట్టలేదు."

ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని వాళ్ళలాగే మొదటి నుంచీ మెల్లిగా తొక్కాం. మరీ నిటారుగా ఉన్న చోట రిక్షావాళ్ళలాగా రోడ్డుకి అటూ ఇటూ అడ్డంగా తిప్పుకుంటూ ఎక్కాం. ఎక్కడం వచ్చేసింది. అసలు కష్టం దిగేటప్పుడు మొదలైంది.

మా బండ్ల బ్రేకులు కడ్డీవి. గట్టిగా నొక్కితే రబ్బరు ముక్క వెళ్ళి చక్రం రేకుని ఒరుసుకుంటుంది. ఇంటి దగ్గర అది చాలు. ఇక్కడ గులకరాళ్ళ మీద, తెల్లటి దుమ్ము పట్టిన చక్రాలతో, కింద లోయ కనపడుతుంటే, నొక్కినా బండి ఆగదు, కీచుమని అరుస్తుందంతే. మొదటిసారి దిగేటప్పుడు వదిన మలుపులో రోడ్డు అంచు దాకా వెళ్ళి, గడ్డిలోకి దూరి ఆగింది. ఇద్దరం బండ్లు దిగాం. అప్పట్నుంచీ మాదొక వింత యాత్ర. మరీ నిటారు చోట్ల మిగతావాళ్ళు ఎక్కేటప్పుడు బండి దిగి నడిపించుకుంటూ వెళ్తున్నారు, దిగేటప్పుడు ఈలలేసుకుంటూ జారిపోతున్నారు. మేం ఎక్కేటప్పుడు తొక్కుతున్నాం, దిగేటప్పుడు నడుస్తున్నాం. నాకు నవ్వొచ్చింది కూడా. మన పద్ధతే వేరని వదినతో అన్నాను.

మధ్యాహ్నం ఒక చిన్న చర్చి పక్కన భోజనాలు పెట్టారు. చిక్కుడు గింజల చారు, రొట్టె, ఆలివ్ నూనె. వదిన సంచిలోంచి కందిపొడి సీసా తీసి, రొట్టె మీద ఆ నూనెతో కలిపి పూసుకుంది. పక్కన కూర్చున్నతను అడిగి మరీ రుచి చూసి, ఇంకొంచెం పెట్టించుకున్నాడు. ఆ కందిపొడి దేంతో చేస్తారో అతనికి ఇంగ్లీషులో చెప్పడానికి నానా తంటాలూ పడుతూ, యథాలాపంగా వదిన వైపు తిరిగాను. ఆవిడ బల్ల కింద మోకాలిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. కుడి మోకాలు వాచి సల్వార్ బిగుతైపోయింది.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఎక్కడం కన్నా దిగడం కష్టం. మా క్వార్టర్ మెట్లు దిగేటప్పుడు ఆవిడ పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగడం ఎన్నేళ్ళుగా చూస్తున్నాను? తొక్కితే అంత అరగని మోకాళ్ళని, బరువైన బండిని వెనక్కి లాక్కుంటూ వాలులో నడిచి పొద్దుణ్నుంచీ అరగదీసుకుంది. నేనేమో మన పద్ధతే వేరని జోకులేశాను. నా మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

"వదినా, వ్యాన్ ఎక్కుదాం. నేనూ ఎక్కుతాను," అన్నాను.

"ఇంకా ఎన్ని దిగాలి?"

"ఒక్కటే పెద్దది. ఆ తర్వాత ఊళ్ళోకి ఎక్కడం."

ఆవిడ మిగిలిన రొట్టె ముక్క నోట్లో వేసుకుంది. "నడిస్తే ఆ ఎత్తు ఎక్కడానికి కాలు మిగలదు. తొక్కుతూ దిగుతా."

"పడితే?"

"పడకుండా దిగుతా. నువ్వు ముందు పో. నువ్వెక్కడ బ్రేకు నొక్కితే నేనక్కడ నొక్కుతా, ఎక్కడ వదిలితే అక్కడ వదుల్తా. అంతే."

ఇన్నేళ్ళలో నన్ను ముందు పొమ్మనడం అదే మొదటిసారి. ఆ వాలు నేనెలా దిగానో నాకే తెలీదు. మలుపు రాకముందే బ్రేకు నొక్కడం, మలుపులో వదలడం, తిన్నగా ఉన్నచోట మళ్ళీ చేతులు పడిపోయేదాకా నొక్కడం. నా వెనక ఆవిడ బ్రేకు కీచుమంటున్నంతసేపూ ఆవిడ బండి మీద ఉన్నట్టు లెక్క. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా నా ప్రాణం ఆగింది, మళ్ళీ వినపడగానే లేచొచ్చింది. చూడటానికి వెనక్కి తిరిగితే నేను లోయలో ఉంటాను. కింద వంతెన దగ్గర ఆగి తిరిగి చూస్తే, మొహమంతా తెల్లటి దుమ్ముతో ఆవిడ నా పక్కకొచ్చి ఆగింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చున్నీతో మొహం తుడుచుకుని, "ఇదేదో పొద్దున్నే చేస్తే పోయేదిగా," అంది.

చివరి ఎత్తు ఊరి కోటగుమ్మంలోకి. బ్రేకు నొక్కీ నొక్కీ నాకు హ్యాండిల్ మీద పట్టు చిక్కలేదు, దిగి నడిచాను. ఆవిడ దిగలేదు. నేను నడుస్తున్నాను, పక్కన ఆవిడ తొక్కుతోంది, ఇద్దరిదీ ఒకే వేగం. ప్రతి తొక్కుకీ ఆవిడ పెదవి కొరుక్కోవడం కనపడుతోంది. వెనకాల వ్యాన్ మెల్లిగా వస్తోంది. డ్రైవరు తల బయటపెట్టి ఏదో అడిగాడు. వదిన వెనక్కి చూడకుండానే "నహీ భయ్యా," అంది. అతనికి అర్థమైంది. కాస్త వెనక్కి తగ్గి ఆగిపోయాడు.

కోటగుమ్మం దాటి, ఊరి మధ్య కూడలిలో గీసిన గీత కూడా దాటింది. జనం చప్పట్లు కొట్టారు. నేను బండి గోడకి ఆనించి వచ్చేసరికి ఆవిడ ఆగకుండా ఆ కూడలి చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది. ఇంకోసారి తిరిగింది. సంతోషమనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నేనూ అదే అనుకుని కొట్టాను. నా పక్కనుంచి వెళ్తూ మెల్లిగా అంది, "అమ్మాయ్, పట్టుకో. కాలు కింద ఆనించలేను. కొయ్యబారిపోయింది."

పరిగెత్తి ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో ఆవిడ నడుము పట్టుకున్నాను. బండి ఆగింది. "నా భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా దిగండి, నేను పట్టుకుంటాను," అన్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. కానీ దిగలేదు.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"మరి దిగండి వదినా, కుర్చీ తెప్పిస్తాను."

"ఆగమ్మా," అంది. "దిగితే ఇంక ఎక్కేది లేదుగా."

చప్పట్లు ఆగిపోయాయి, జనం ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. ఆవిడ సీటు మీద అలాగే కూర్చుంది. నేను బండిని పట్టుకుని నిలబడ్డాను.