మావ గొంతుకి కొసరు

మా మేనమామ పాట పాడేవాడంటే అందరూ భజనపాటో పెళ్ళిపాటో అనుకునేవారు. ఆయనది వేలంపాట. రాజాం సంతకి గోగునార వస్తే, ఒక షావుకారి గోదాము ముందు బల్లెక్కి రేటు పలికేది ఆయనే. అరవైల చివర్లో ఒక చలికాలం జ్వరం తగిలింది. అది పోతూ పోతూ ఆయన గొంతు కూడా పట్టుకుపోయింది. మిగిలింది ఊపిరి. షావుకారు మర్యాదగానే చెప్పాడట: "వచ్చే సంతకి వెనకోళ్ళకి ఇనపడకపోతే బల్ల మీదకి మా తమ్ముడి కొడుకు ఎక్కుతాడు బావూ. నువ్వు కాటా దగ్గర కూకుందువు గాని."

మావ దృష్టిలో కాటా దగ్గర కూర్చోవడమంటే కాటికి దగ్గరవడమే.

నేనప్పుడు విజయనగరంలో పి.యు.సి. చదువుతున్నాను. అలాగని మా ఇంట్లో నమ్మకం. అంతవరకూ పూజల్లో మాత్రమే విన్న ఓం, ఫిజిక్సులో కూడా ఎదురయ్యేసరికి సగం విద్య వచ్చేసిందనుకున్నాను. మైకూ, గొంతు పెంచే పెట్టె కూడా నేనే తయారుచేస్తానని నోరు జారాను.

"సేసెయ్యి అల్లుడా," అన్నాడు మావ, ఊపిరితో. బల్లెక్కి అరిచే మనిషి అంత మెల్లగా అడిగితే కాదనడం కష్టం.

సంతకి రెండ్రోజుల ముందు ఆయన విజయనగరం వచ్చాడు. ఇద్దరం రేడియోలు బాగుచేసే కొట్టుకి వెళ్ళాం. నా చేతిలో ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి దించుకున్న సర్క్యూట్ బొమ్మ ఉంది. దించుకున్నాను గానీ దిగమింగలేదు.

"ట్రాన్సిస్టర్లు నాలుగు కావాలండి," అన్నాను.

కొట్టాయన నన్నూ మావ పంచెనీ చూశాడు. "నాలుగెందుకు బాబూ, ఇంటికొకటి సాలదా?" అంటూ అటకమీది రేడియో దించబోయాడు. రేడియో కాదు, దాని లోపల ఉండేవని బొమ్మ చూపించాను. మూడుకాళ్ళ పురుగుల్లాంటివి కాగితంలో పోశాడు. "ఈ నెంబరు లేదు గానీ దీని అన్నదమ్ముడు ఉన్నాది. పనిసేస్తాది." అన్నదమ్ముడా, దాయాదా అని నిలదీసే జ్ఞానం నాకెక్కడిది.

తరవాత కండెన్సర్లు. ఒకే విలువ రాసి ఉన్నవి, ఒకటి లావు, ఒకటి సన్నం. బొమ్మలో లావు సంగతి లేదు. మావ రెంటినీ అరచేతిలో తూచి, నారకట్ట ఎంచినట్టు లావుది ఎంచాడు. "బరువున్నాది సూడు." అంతకన్నా మంచి కారణం నాకూ తోచలేదు.

రెసిస్టర్ల దగ్గర మరీ తికమక. చారల రంగుల్ని బట్టి అది ఎన్ని ఓములో చెప్పాలి. రంగుల వరస నాకు కంఠతా వచ్చు. కానీ కొట్లో ఉన్నవాటికి ఆ వరస తెలిసినట్టు లేదు. గోధుమరంగు ఎరుపులా, ఎరుపు నారింజలా, నారింజ దుమ్ములా కనపడింది.

"ఇది వక్క రంగు," అన్నాడు మావ.

"ఎరుపే బావూ," అన్నాడు కొట్టాయన.

నేను ఇద్దరికీ తలూపాను. చివరికి కొట్టాయనే విసిగి, మీటరు పెట్టి ఒక్కొక్కటీ కొలిచి ఏరాడు. అప్పటికి అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పొట్లం కట్టబోతుంటే మావ చెయ్యి చాపాడు.

"మరి కొసరో?"

సంతలో పెరిగిన మనిషి. వంకాయలకైనా వేరుశనగకైనా కొసరు వెయ్యని బేరం ఆయనకి బేరమే కాదు.

"రేడియో సామాన్లకి కొసరేటి బావూ?"

"సామానే గదా."

కొట్టాయన నవ్వి, పక్కనున్న పాత డబ్బాలోంచి గుప్పెడు రెసిస్టర్లు తీసి, అదే పొట్లంలో పోసి, నిండుగా కుదిపి దారం చుట్టాడు. మావ మొహం వెలిగింది. నా మొహానికి ఏ రంగులొచ్చాయో, వాటి విలువెంతో ఏ మీటరూ చెప్పలేదు. మళ్ళీ కొలవమందామంటే రాజాం బస్సు వేళైంది. పైగా కొసరు వెనక్కి తీసుకుంటారేమోనని మావ పొట్లం అప్పుడే రొంటిన దోపేశాడు.

మర్నాడు ఆయన అరుగు మీద ఎండలో పొట్లం విప్పి కూర్చున్నాను. అసలేదో కొసరేదో తెలియడం లేదు. అత్త వచ్చి చూసింది.

"ఏటిరా, చింతపిక్కలు ఏరతన్నావా?"

ఆమె పొయ్యిలోనే ఇనపకడ్డీ కాల్చి, సీసం కరిగించి, కుదిరిందల్లా కుదిరినచోట అతికించాను.

సంతరోజు మావ బల్లెక్కాడు. షావుకారూ, ఆయన తమ్ముడి కొడుకూ గుమ్మంలో నిలబడ్డారు. నేను స్విచ్చి నొక్కాను. కుయ్‌మంది. ఊరుకోలేదు, గోదాము రేకులు కూడా వంతపాడేలా కుయ్‌మంది. ఎడ్లు తలెత్తాయి. బేరగాళ్ళు చెవులు మూసుకున్నారు. భయపడి ఆపేశాను. ఇక మావ పని అయిపోయిందనుకున్నాను.

సంతంతా నిశ్శబ్దం. అందులో మావ తన మిగిలిన ఊపిరితో మొదటి లాటు నారకి రేటు పలికాడు. వెనకనుంచి ఎవరో దానిమీద పాట పెంచారు.

కాసేపటికి గోల మళ్ళీ మొదలైంది. మావ నా వంక చూశాడు. నాకర్థం కాలేదు.

"నొక్కరా," అన్నాడు.

సాయంత్రం దాకా నా ఉద్యోగం అదే. షావుకారి తమ్ముడి కొడుకు గుమ్మం వదిలి కాటా దగ్గరకి పోయి కూర్చున్నాడు.

అయినా నాకు సిగ్గుగానే ఉంది. తప్పు రెసిస్టరేదో కనిపెట్టి మారుస్తానన్నాను. మావ పెట్టె మీద చెయ్యేసి అడ్డుకున్నాడు.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. షావుకారు వచ్చే సంతకీ ఇదే తెమ్మన్నాడు."

వాడగా మిగిలిన రెసిస్టర్లు చాలాకాలం నా దగ్గరే ఉన్నాయి. అసలువి అవేనని నా అనుమానం.