తడి తువ్వాల కింద ల్యాప్‌టాప్

మా బావ దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన రోజు గోదావరిఖనిలోని మా బొగ్గు గని కంపెనీ క్వార్టర్‌లో కాలు పెట్టే జాగా లేదు. అక్క, అమ్మ, బాపు, చాక్లెట్ల కోసం వచ్చిన పక్కింటి వాళ్లు, మధ్యలో నోరు తెరిచిన రెండు సూట్‌కేసులు, ఇల్లంతా సెంటు వాసన. నా కళ్లు మాత్రం ఒక ఎర్ర బ్లాంకెట్ మూట మీదే ఉన్నాయి. బావ దాన్ని రెండు చేతులతో ఎత్తి మంచం మీద పెట్టాడు. మంచం కిర్రుమంది.

"ఏం మరదలా, ఇది ల్యాప్‌టాపా, రుబ్బురోలా? ఎయిర్‌పోర్టుల నా భుజం గుంజింది."

"డబ్బా ఏది బావా?"

"డబ్బా ఎందుకే? దాని జాగల రెండు కిలోల ఖర్జూరాలు పట్టినయ్. అక్కడ్నే పారేసిన."

"మరి బిల్లు?"

"బిల్లు డబ్బాలనే ఉండె." నవ్వాడు. "బిల్లు చూపిస్తే కస్టమ్స్‌ల పట్టుకుంటరు, పిచ్చిదానా. పాతదే, నేనే వాడుకుంటున్న అని చెప్పి దర్జాగ తెచ్చిన."

బిల్లు లేకపోతే వారంటీ లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రెండేళ్లలో దాచుకుని, దుబాయ్‌లో చవకని బావకు పంపిన డబ్బంతా ఆ మూటలో ఉంది. "నీ ఖర్జూరాలు నువ్వే తిను, కొట్టుకుపోను!" అని అరిచాను. అక్క గయ్యిమంది. "ఇంటల్లుని గట్లంటవానే? ఆయన మోసుకొచ్చిందే ఎక్కువ." బాపు మాత్రం మూట దగ్గర కూర్చుని, బ్లాంకెట్ మడత తీసి, యంత్రం అంచును వేలితో తట్టి చూశాడు.

పేరుకే అది ల్యాప్‌టాప్. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలిపోతాయి. టేబుల్ మీద పెద్ద కంప్యూటర్ చేసే పనంతా ఒక్కటే చేసేలా తయారు చేసిన యంత్రం. పళ్లెమంత తెర, ఇటుకంత చార్జర్. ఆ చార్జర్‌ను బాపు అరచేతిలో తూచాడు.

"మా గని టోపీ లైటు బ్యాటరీ గూడ గింత బరువు లేకుండె, బిడ్డా."

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. ఏడో తరగతి నుంచి నేను హైదరాబాద్‌లో పెద్దమ్మ దగ్గర పెరిగాను. ఇంకా కట్టని ఇళ్లను కట్టినట్టే తెర మీద తిప్పి చూపించే బొమ్మల సినిమాలు చేయడం నా పని. నేను పనిచేసిన చిన్న స్టూడియో మూతపడింది. ఇంకో ఉద్యోగం దొరకలేదు. నేను ఇల్లు చేరిన నెలలోనే కంపెనీ డాక్టర్లు బాపును పనికి అన్‌ఫిట్ అని తేల్చారు. వెన్నుపూస అరిగిపోయింది, ఊపిరి సరిగా అందడం లేదు. ఇట్లా అన్‌ఫిట్ అయినవాళ్ల ఇంట్లో పిల్లల్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు. అక్క పెళ్లయి వెళ్లిపోయింది. మిగిలింది నేను. దరఖాస్తుకు సోమవారం ఆఖరు. ఎవరూ చేరకపోతే కొన్ని నెలల్లో క్వార్టర్ ఖాళీ చేయాలి.

కాలనీలో అందరూ నన్ను అదృష్టవంతురాలన్నారు. బాపు ఒక్కడే అనలేదు.

"నువ్వు గనిల దిగొద్దు, బిడ్డా. నేను దిగింది చాలు. నీ మిషిన్ నడిస్తే మంచిర్యాలల చిన్న ఇల్లు కిరాయికి తీస్కుందాం."

మిషిన్ నడవడమంటే, విదేశాల్లో ఇళ్ల డిజైన్లు చేసే ఒక సంస్థ నాకు పరీక్షగా ఒక పని ఇచ్చింది. కొలను ఉన్న ఒక పెద్ద ఇంటిని ముప్పై సెకన్ల సినిమాగా చేసి పంపాలి. శనివారం సాయంత్రం ఐదింటి లోపల. నచ్చితే నెలనెలా పని ఇస్తారు, ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. నచ్చకపోతే సోమవారం ఉండనే ఉంది.

మొదటి రోజంతా దాన్ని దారికి తేవడంతోనే సరిపోయింది. దాని ప్లగ్గుకు మూడు లావు చదరపు పుల్లలు, మా గోడలో గుండ్రటి రంధ్రాలు. బజారులో కొన్న మొదటి అడాప్టర్ చిటపటమంది, రెండోది పట్టింది. ఆన్ చేస్తే తెర నిండా అరబ్బీ. కుడి నుంచి ఎడమకు రాస్తున్నట్టు బొత్తాలన్నీ తిరగబడి ఉన్నాయి. ఫోన్‌లో వీడియో పెట్టుకుని, అందులో చెప్పేవాడు ఎక్కడ నొక్కితే నేనూ అక్కడ నొక్కుతూ గంటకు గాని ఇంగ్లీషులోకి తేలేకపోయాను. కీబోర్డు మీద ప్రతి అక్షరం పక్కన ఇంకో అక్షరం. అమ్మ వంగి చూసింది.

"ఉర్దూనానే ఇది?"

"అరబ్బీ."

"మరి తెలుగు చేస్తదా?"

"ఏదైనా చేస్తది, నువ్వు పక్కకు జరిగితే."

ఆ తర్వాత అప్‌డేట్లు. ఇంట్లో నెట్ లేదు, ఫోన్ నుంచే ఇవ్వాలి. ఫోన్ పెనంలా కాలింది. కిటికీలో పెడితే రెండు గీతలు, మంచం మీద పెడితే ఒక్కటి. నేను ఫోన్‌ను తిట్టాను, కిటికీని తిట్టాను, ఊరిని తిట్టాను. బాపు పీట మీద కూర్చుని అన్నీ విన్నాడు.

ఆయన గనిలో పైకప్పుకు ఆధారాలు పెట్టే పని చేసేవాడు. కర్రతో కప్పును కొట్టి వినేవాడట. గట్టి కప్పు గంటలా మోగుతుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికితే అక్కడి నుంచి అందరినీ వెనక్కి పంపాలి. ముప్పై ఏళ్లు చెవి మీదే బతికాడు. యంత్రం ఫ్యాన్లు మొదటిసారి గట్టిగా తిరిగినప్పుడు తల పక్కకు వాల్చి విన్నాడు.

"మంచిగనే ఉరుకుతున్నది. గొంతుల తేడా లేదు."

గురువారం అమ్మ యంత్రం మూత మీద కుంకుమ బొట్టు పెట్టి, అగరుబత్తి వెలిగించి చుట్టూ తిప్పింది. బూడిద విరిగి గాలి వెళ్లే సందుల్లో పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. అగరుబత్తి లాక్కుని బయటికి విసిరేశాను.

"ఒక్క నలక పోయినా చస్తది ఇది! దుమ్ము పడనియ్యొద్దు, అర్థమైతుందా ఎవరికన్నా? దుమ్ము పడనియ్యొద్దు!"

అమ్మ ఏడ్చుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. బాపు తల ఊపాడు. "పడనియ్యం బిడ్డా. నేనుంట గద."

దుమ్ము సంగతి చెప్పాను. దానికి గాలి కావాలన్న సంగతి చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని నాకు తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పని మొదలుపెట్టాను. ముప్పై సెకన్ల సినిమాకు ఏడు వందల ఇరవై బొమ్మలు. ఒక్కో బొమ్మ గీయడానికి యంత్రానికి రెండు నిమిషాలు. అంటే ఆగకుండా నడిస్తే శనివారం నాలుగింటికి పూర్తవుతుంది. పంపడానికి గంట మిగులుతుంది. ఒక్కో బొమ్మ తెర మీద విచ్చుకుంటుంటే బాపు చూస్తూ కూర్చున్నాడు. నీలం నీళ్లు, తెల్ల గోడ, నీళ్లలో గోడ నీడ.

"గీ ఇంట్ల ఎవరుంటరు?"

"ఇంకా కట్టలె బాపూ."

"కట్టకముందే నీళ్లు నింపిన్రా!" పడీపడీ నవ్వాడు. నవ్వు దగ్గుగా మారి చాలాసేపు ఆగలేదు.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు ఆరు వందల డెబ్బై దాటాయి. ఇంటి సిగ్నల్‌తో ఆ సినిమా వెళ్లదు. చౌరస్తా దగ్గర నెట్ సెంటర్‌లో లైన్ పనిచేస్తోందో లేదో ముందే చూసి రావాలి.

"బాపూ, ఇక్కడ్నే కూసో. ఎవర్నీ ముట్టనియ్యకు."

"నువ్వు పో. డ్యూటీల ఉన్న నేను."

నెట్ సెంటర్‌లో లైన్ బాగానే ఉంది. ఐదు నిమిషాల పని. నిజం చెప్పాలంటే, అక్కడి నుంచి నేరుగా ఇంటికి రాలేదు. మూడు రోజుల తర్వాత నా ఫోన్‌కు నిండుగా సిగ్నల్ దొరికింది. పక్కన చాయ్ బండి దగ్గర కూర్చుని రీల్స్ చూశాను. బాపు ఫోన్ చేశాడు. మంచి వీడియో మధ్యలో ఉంది. కట్ చేశాను. మళ్లీ చేశాడు. వస్తున్నా కదా, ఏం తొందర అనుకుని మళ్లీ కట్ చేశాను.

నేను హైదరాబాద్ వెళ్లాక ఊరి పక్కన నేల పైనుంచే తవ్వడం మొదలుపెట్టిన ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం పేలుళ్ల ముందు సైరన్ మోగుతుంది. మా కాలనీలో ఆ సైరన్‌కు ఆడా మగా అందరి చేతులూ వాటంతట అవే లేస్తాయి. అన్నం గిన్నె మీద మూత, బిందె మీద పళ్లెం, టీవీ మీద గుడ్డ. గోడలు అదిరాక దుమ్ము దిగుతుంది. అది దిగేదాకా ఎవరూ ఏదీ తెరవరు. నేను ఈ ఊళ్లోనే ఉండి ఉంటే నాకూ ఆ అలవాటు ఉండేది. సైరన్ వినగానే బాపు ఏం చేస్తాడో నాకు ముందే తెలిసేది. బాపు ఫోన్ చేయడానికి కాస్త ముందు, చాయ్ బండి దగ్గర ఆ సైరన్ నాకూ వినిపించింది. బండివాడు పాల గిన్నె మీద మూత పెట్టాడు. నేను ఫోన్ నుంచి తల ఎత్తలేదు.

ఇంటికి వచ్చేసరికి కిటికీలు మూసి ఉన్నాయి. బాపు పీట మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. టేబుల్ మీద ఆయన తువ్వాల. తడిపి, గట్టిగా పిండి, యంత్రానికి నాలుగు వైపులా అంచులు దోపి, ఎక్కడా సందు లేకుండా కప్పాడు. చప్పుడు లేదు.

"ఒక్క నలక పడనియ్యలె, బిడ్డా. మొదలు మస్తు మొత్తుకున్నది. తర్వాత నిమ్మళమైంది."

తువ్వాల లాగేశాను. ఆవిరి వచ్చింది. మూత మీద అమ్మ పెట్టిన బొట్టు కరిగి కారింది. బొత్తాం నొక్కాను. ఇంకా నొక్కాను. చార్జర్ పీకి, పెట్టి, మళ్లీ నొక్కాను. చిన్న దీపం కూడా వెలగలేదు.

అప్పుడు నేను అన్న మాటలు రాయాలా వద్దా అని చాలాసార్లు ఆలోచించాను. రాస్తున్నాను.

"మట్టి తిని తిని నీ మెదడు గూడ మట్టయ్యిందా? గింత గూడ తెల్వదా? నా బతుకు మీద తడిగుడ్డ వేసినవ్!"

బాపు లేవలేదు. తడి తువ్వాల ఒళ్లోకి తీసుకుని మడత పెట్టసాగాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అంది.

"దాని గొంతు మారిందని నీకు రెండుసార్లు ఫోన్ జేసిండు. కట్ జేసినవ్."

"ఊకో నువ్వు," అన్నాడు బాపు ఆమెతో. "పిల్ల పనిల ఉండె."

మంచిర్యాలలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఒక భాయ్ ఉన్నాడని విని యంత్రాన్ని అదే ఎర్ర బ్లాంకెట్‌లో చుట్టి ఆటోలో వేసుకుని వెళ్లాను. గోదావరి వంతెన మీద ఉన్నప్పుడే ఫోన్‌లో ఐదయింది. ఆ సంస్థకు మెసేజ్ పెట్టాను, రెండు రోజులు గడువు ఇవ్వమని. భాయ్ వెనక మూత విప్పి, లైటు వేసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"బోర్డు పోయింది అమ్మా. తడి గూడ దిగింది. దీని పార్టు ఇండియాల దొరకది. బిల్లు ఉన్నదా?"

"లేదు."

"బిల్లుంటే దుబాయ్ పంపుతుంటిమి." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఫికర్ చెయ్యకు, లోపల సామాన్ భద్రంగనే ఉంటది. తీసిస్త."

దాని డిస్కును తన కంప్యూటర్‌కు తగిలించి చూపించాడు. ఆరు వందల ఎనభై ఆరు బొమ్మలు ఉన్నాయి. ముప్పై నాలుగు తక్కువ. అక్కడి నుంచే ఉన్నంత మేరకు సినిమా చేసి పంపాను. ఇంటి గుమ్మం దాకా వచ్చి, తలుపు తెరుచుకోకముందే ఆగిపోయే సినిమా. ఆదివారం జవాబు వచ్చింది. పైకెత్తిన బొటనవేలు బొమ్మ. దాని కింద, పని వేరేవాళ్లకు ఇచ్చేశామని ఒక్క వాక్యం.

సోమవారం బాపు, నేను కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. క్లర్కు నా సర్టిఫికెట్లు తిరగేశాడు.

"గింత చదివి ఇటొచ్చినవేంది, తల్లీ?"

బాపు ముందుకు వంగాడు. "పైన పని ఏమన్న ఉంటే చూడున్రి సార్. కిందికి వద్దు."

"అందరు పైనే అంటరు, కాకా. పైన జాగ యాడున్నది?"

బాపు ఇంకేదో అడగబోయి, నా వైపు చూసి మానేశాడు. కాగితం మీద నేను సంతకం పెట్టాను. నా సంతకం కింద ఆయన పెట్టాడు. బయటికి వచ్చాక సారీ చెబుదామని నోరు తెరిచాను. ఫోన్ మోగింది. ఏదో లోన్ కంపెనీ. కట్ చేసేసరికి ఆయన నాలుగడుగులు ముందుకు వెళ్లిపోయాడు. ఆ మాట ఇప్పటికీ చెప్పలేదు.

ఉద్యోగం ఆర్డర్ కోసం ఎదురుచూస్తున్నాం. యంత్రం అదే టేబుల్ మీద ఉంది. అమ్మ దాని చుట్టూ ఊడుస్తుంది, దాన్ని ముట్టుకోదు. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. బాపు ఇప్పుడు లేవడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. మొదటి రోజు అన్నం మీద దుమ్ము పడింది. అదే తిన్నాడు.

అందుకని ఇప్పుడు నేనే లేస్తాను. ఫోన్ మంచం మీద పడేసి అన్నం గిన్నె మీద మూత, బిందె మీద పళ్లెం, టీవీ మీద గుడ్డ పెడతాను. ల్యాప్‌టాప్ దగ్గరికి మాత్రం వెళ్లను. గోడలు అదురుతాయి. దుమ్ము దిగి బొత్తాల మీద పరుచుకుంటుంది. బాపు దగ్గుతాడు. నేను నీళ్లు ముంచి ఇస్తాను. గ్లాసు అందుకునేటప్పుడు ఆయన నా ముఖంలోకి చూడడు.