ఆకురాయి కొరికిన బుష్షు

క్వారీల్లో రాతిని తొలిచే మిషన్ మూతిలో, డ్రిల్ రాడ్డును కదలనీయకుండా పట్టి ఉంచే ఉక్కు గొట్టమే బుష్షు. అరిగిన బుష్షుకు బదులు కొత్తది చేసివ్వడం కిష్టప్ప వృత్తి. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెనుక, రేకుల షెడ్డులో, ఒక్క లేత్ మిషన్‌తో పదహారేళ్లు ఆ పనే చేశాడు.

ప్రతి బుష్షు మీదా చిన్న త్రిశూలం ముద్ర కొట్టేవాడు. కాల్చి, నూనెలో ముంచి గట్టిపరచాక ఉక్కు ముద్రను తీసుకోదు. కనుక ముందే కొట్టాలి. సంతకం ముందు, పని తరువాత. చివర ఆకురాయితో గీసేవాడు. జారితే గట్టిది, కొరికితే మెత్తది.

1993 మే నెలలో ఒక క్వారీ మేనేజరు కామేశ్వరరావు పరుగున వచ్చాడు. మిషన్ ఆగిందట. ముద్ర పడి, ఇంకా కొలిమికెక్కని బుష్షు ఒకటి బల్ల మీద ఉంది.

"రెండు దినాలు నడుపుండ్రి సార్, గట్టిది పంపుత," అంటూ కిష్టప్ప అదే ఇచ్చాడు. తరువాత ఇతడు పంపలేదు, అతడు అడగలేదు. పన్నెండో రోజున బుష్షు అరిగి, ఊగిన రాడ్డు విరిగి ఛాతీకి తగిలి, మిషన్ నడుపుతున్న ఐలన్న చనిపోయాడు. నివేదికలో "కార్మికుని అజాగ్రత్త" అని రాశారు.

ఐలన్న భార్య బక్కమ్మ ఆ బుష్షును భర్త తువ్వాలలో చుట్టుకుని షెడ్డుకు వచ్చింది.

"అన్నా, గీ ముద్ర నీదే గదా?"

"ముద్ర నాదే. మాలు గట్టిదే ఇచ్చిన."

ఆ అబద్ధం తరువాతే ఆమె సంగారెడ్డిలో నా దగ్గరకు వచ్చింది. నల్లకోటు వేసుకుని ఏడాదిన్నర అయింది నాకు. ఆగడం అప్పటికింకా నేర్వలేదు. మర్నాడే షెడ్డుకు వెళ్లాను.

"వకీలమ్మా, లేత్ మిషన్ ఎన్నడన్న సూసినవా?" అని ఎకసెక్కమాడాడు కిష్టప్ప.

"లేదు. అబద్ధాలు మాత్రం చాలా చూశాను."

అతడు నవ్వలేదు. చేతిలోని కొత్త బుష్షునే మళ్లీ మళ్లీ గీస్తున్నాడు.

"జారుతోంది కదా, ఇంకెందుకు?"

"నీకు జారుతున్నది. ఆమె మర్లిపోయిన సంది నాకు కొరుకుతున్నట్టే వినొస్తున్నది."

"ఎల్లుండి కార్మిక శాఖ అధికారి ముందు విచారణ. ఐలన్న తప్పు లేదని చెప్పగలిగింది మీరొక్కరే."

"చెప్తే ఇగ నా ముద్రను ఎవడు నమ్ముతడు?"

"మీరు నమ్ముతున్నారా?"

విచారణకు కిష్టప్ప ఆకురాయి జేబులో పెట్టుకుని వచ్చాడు. బక్కమ్మ తెచ్చిన ఆ బుష్షును అతడిని గీయనివ్వమని అధికారిని అనుమతి కోరాను. కర్రుమంది. ఉక్కు మీద తెల్లటి గీత పడింది.

"మెత్తది సార్. నేనే ఇచ్చిన. ఐలన్న తప్పు ఏం లేదు."

బక్కమ్మ అతడి వైపు చూసింది. "గీ మాట ఆ దినమే అంటే ఏమైతుండె అన్నా? ఇన్ని దినాలు సచ్చినోణ్ణి ఊరంత తిట్టిరి."

రెండు నెలలకు వచ్చిన ఉత్తర్వులో "అజాగ్రత్త" అన్న మాట కొట్టివేశారు. ప్రతిని తీసుకుని ఉత్సాహంగా షెడ్డుకు వెళ్లాను. కిష్టప్ప దాన్ని చదవలేదు. చేతిలోని కొత్త బుష్షును చెవి దగ్గర పెట్టుకుని గీశాడు.

"జారుతున్నదా అమ్మా?"

"జారుతోంది."

మరోసారి గీసి, విని, దాన్ని తుక్కు డబ్బాలో వేశాడు. డబ్బా అంచుదాకా నిండి ఉంది. పైన ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసి నేనే గీసి చూశాను. అన్నీ గట్టివే.