ముందుది బాగుందా, ఇదా?

ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద గదిలో పని చేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ చెవుల మాస్టారు అంటారు. ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు, ఎవరి చెవులూ మెలిపెట్టలేదు. ఇంట్లో పాటలు రికార్డు చేసుకునేవాళ్ళు తమ పాటల్ని ఆయనకు పంపుతారు. దుప్పటి ముసుగేసుకుని పాడినవాళ్ళు, బట్టల బీరువాలో తల దూర్చి పాడినవాళ్ళు, పక్కింటి కుక్క నిద్రపోయేదాకా కాచుకుని పాడినవాళ్ళు. గొంతునీ వాయిద్యాల్నీ వాళ్ళే కలుపుకుంటారు. ఆ తరవాత మిగిలేది మాస్టరింగ్. బడికి పంపే ముందు పిల్లకు తల దువ్వి, గుండీలు సరిచూసి, ఎక్కువైన పౌడరు తుడిచినట్టు, పాట గడప దాటే ముందు చేసే ఆఖరి పని అది. ఎక్కువ చేస్తే పిల్ల పిల్లలా ఉండదు. తక్కువ చేస్తే పదిమందిలో చిన్నబోతుంది.

గది పదడుగులు. గోడలకు పాత పరుపులు ఆనించి ఉంటాయి. రెండు మంచి స్పీకర్లు, కంప్యూటరు, కిటికీలో మూత విరిగిన చిన్న రేడియో డబ్బా. పెద్ద స్పీకర్లలో పాట బాగుండటం గొప్ప కాదు, ఆ డబ్బాలో కూడా మాట తెలియాలని ఆయన పట్టు. కింద అచ్చు యంత్రం తిరుగుతుంటే నేల అదురుతుంది. అందుకని పాటలో బరువైన శబ్దాలు సరిచేసే పని, ప్రెస్సువాళ్ళు భోజనానికి వెళ్ళిన ముప్పావుగంటలో పెట్టుకుంటాడు. ఆ ముప్పావుగంట కోసం తొమ్మిదేళ్ళుగా ఆయన భోజనం మూడింటికే. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు సభలకు మైకులు పెట్టే షాపులో ఉన్నాడు. మనిషెత్తు స్పీకర్ల పక్కన నిలబడి అరిచి మాట్లాడేవాడు. ఆ అలవాటు ఫోన్లో ఇప్పటికీ పోలేదు.

పని నేర్చుకుంటామని ఫోన్ చేసేవాళ్ళకు విసుక్కోకుండా చెబుతాడు. "మెల్లగా పెట్టుకుని విను నాయనా. గట్టిగా పెడితే ఏ పాటైనా బాగున్నట్టే ఉంటుంది. గంటకోసారి లేచి బయట తిరిగిరా, చెవులకూ కాళ్ళు పట్టేస్తాయి. నీకు బాగా తెలిసిన మంచి పాట ఒకటి పక్కన పెట్టుకో. రెండూ ఒకే ఎత్తులో ఉంచి మార్చి మార్చి విను. శబ్దం హద్దు దాటకుండా పట్టే లిమిటర్ ఉంది కదా అని పాట పీక నొక్కకు. ఇంకోటి, తెర మీద గీతలు చూసి పని చెయ్యకు. పాటని చూస్తారా ఎవరైనా?"

మంచి పాట పక్కన పెట్టుకోవడం మాత్రం ఆయనే మానేసి మూడేళ్ళయింది. ఈత వచ్చినవాడు ఒడ్డు చూసుకోడని ఆయన ధీమా.

ఒకరోజు ఉదయం సంగీతం టీచరు ఫోన్ చేసింది. ఇరవై ఏళ్ళు బడిపిల్లలకు ఇతరుల పాటలు నేర్పి, ఇప్పుడు తను రాసుకున్న ఎనిమిది పాటలు చెల్లెలి గిటారుతో ఇంట్లో పాడి రికార్డు చేసుకుంది. మొదటి పాట ఆయన ముందురోజే పూర్తిచేసి పంపాడు.

"అన్నయ్యా, ఏమీ అనుకోకండి. పాట అంతా బాగుంది. కానీ 'స' వచ్చినప్పుడల్లా చెవిలో పుల్ల పెట్టి తిప్పినట్టుంది."

"మీ ఫోను అలాంటిదేమోనమ్మా. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి."

"పెట్టుకున్నానండీ. చెల్లెలిదీ, నాదీ, రెండూ చూశాను."

"అయితే మైకు మరీ దగ్గరగా పెట్టుకుని పాడుంటారు."

"అయ్యుంటుందిలెండి" అని ఆమె పెట్టేసింది. ఆ 'లెండి' అన్నం వేళదాకా ఆయన చెవిలో తిరుగుతూనే ఉంది.

మూడింటికి భార్య క్యారేజీ తెచ్చింది. ఆవిడ వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో కంటిచూపు పరీక్ష చేస్తుంది. మధ్యాహ్నం షాపు మూసి, నాలుగున్నరకు తీస్తారు. ఆయన మూత తీయకుండానే మొదలుపెట్టాడు.

"ఇంట్లో కూర్చుని పాడేసి, నా పని మీద వంకలు పెడుతున్నారు. 'స' గుచ్చుకుంటోందట."

ఆవిడ గిన్నెలు సర్దుతూ అంది. "నాకూ గుచ్చుకుంటోంది."

"ఎప్పట్నుంచి?"

"ఏడాదై ఉంటుంది. ఒక్క ఆమె పాటే కాదు, నేను క్యారేజీ తెచ్చినప్పుడు మీరు పెట్టేవన్నీ."

"మరి చెప్పవేం?"

"ఓసారి చెప్పబోతే ఏమన్నారు? కళ్ళజోళ్ళు అమ్ముకునేదానివి, నీకేం తెలుసన్నారు. సరే, నాకు తెలిసినవి కళ్ళేగా అనుకుని ఊరుకున్నా."

ఆయన అన్నం కలపడం ఆపాడు. ఆవిడ తగ్గలేదు. "షాపుకొచ్చే మగవాళ్ళూ ఇంతే. నాకన్నీ కనిపిస్తాయంటారు. అక్షరాల బోర్డు ముందే కంఠతా పట్టి గడగడా చదివేస్తారు. రోజుకు నలుగుర్ని చూస్తా. మీ చెవులకు బోర్డు లేదా?"

ఉంది. సన్నగా మొదలై మెల్లమెల్లగా పైకి, ఇంకా పైకి పోయే కూతలాంటి శబ్దం. ఎంతవరకు వినపడితే అంతవరకు చెయ్యి ఎత్తి ఉంచాలి. స్పీకర్లు కొన్నప్పుడు ఓసారి పెట్టి చూసుకున్నాడు, మళ్ళీ పెట్టలేదు. ఇద్దరూ చేతులు కడుక్కుని తెర ముందు కూర్చున్నారు. కూత మొదలైంది, ఇద్దరి చేతులూ లేచాయి. చాలాసేపటికి ఆవిడ చెయ్యి దించింది. ఆయన చెయ్యి ఇంకా ఎత్తే ఉంది.

"నాకు వినపడటం మానేశాక కూడా మీకు వినపడుతోందా? గబ్బిలమా మీరు?"

తెర మీద గీత ఇంకా కదులుతోంది. అది చూస్తూ ఆయన చెయ్యి దించలేదు. అబద్ధమాడాలని కాదు. శబ్దం ఎక్కడుందో కంటికి తెలుస్తుంటే, చెవికి వినపడుతున్నట్టే అనిపించింది.

"బోర్డు కంఠతా పట్టారన్నమాట" అంటూ ఆవిడ లేచి ఆయన కుర్చీని గోడవైపు తిప్పింది. "ఇప్పుడు."

ఆయన పరుపు మీది పాత చారల్ని చూస్తూ విన్నాడు. కూత సన్నబడింది, ఇంకా సన్నబడింది, దారం తెగినట్టు పోయింది. ఆయన చెయ్యి దించి, ఇంక అయిపోయిందనుకుని వెనక్కి తిరిగాడు.

ఆవిడ చెయ్యి ఇంకా పైనే ఉంది.

ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. కింద యంత్రం రొద తప్ప ఆయనకు ఆ గదిలో ఏ చప్పుడూ లేదు. భార్య చెయ్యి మాత్రం ఉంది, గాజు మోచేతి దాకా జారి. "ఆపెయ్" అన్నాడు.

"ఇంకా అయిపోలేదు" అంది కళ్ళు తెరవకుండా. తరవాత తెరిచి ఆయన మొహం చూసింది. చెయ్యి చటుక్కున దించేసింది.

"పై శబ్దాలు తగ్గాయి నాకు" అన్నాడాయన. "తగ్గినకొద్దీ ప్రతి పాటలోనూ పెంచుకుంటూ పోయాను. మంచి పాట పక్కన పెట్టుకుని ఉంటే ఎప్పుడో తెలిసేది."

"నలభై దాటాక నాకూ జోడొచ్చింది. షాపులో ఉద్యోగం తీసేశారా?"

"కళ్ళకు జోడుంది. మాస్టరింగ్ చేసేవాడికి చెవులు పోయాయంటే ఎవరు పంపుతారే పాటలు? రేపట్నుంచి చెవిటి మాస్టారంటారు."

ఆవిడ స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. "ఆ టీచరమ్మ పాట పెట్టండి."

ఆయన ఆమె పాటా, పక్కనే ఏళ్ళుగా తనకు తెలిసిన మంచి పాట ఒకటీ పెట్టి, రెండింటి ఎత్తూ సమం చేశాడు. శబ్దాల్ని విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్లో పై శబ్దాల్ని కాస్త దించి, "ఇది బాగుంది కదా?" అన్నాడు.

"అలా అడిగితే ఎవరూ నిజం చెప్పరు. 'ముందుది బాగుందా, ఇదా' అనాలి. అనేటప్పుడు మొహం కూడా పెట్టకూడదు."

"మొహం ఏం పెట్టాను?"

"మార్కులు అడిగే పిల్లాడి మొహం."

ఆయన మొహం తుడుచుకున్నాడు. "ముందుదా, ఇదా?"

"ఇది."

"ఇప్పుడు?"

"ముందుదే. ఇప్పుడామె దుప్పట్లోంచి పాడుతున్నట్టుంది."

అలా పదిహేనుసార్లు. ఆవిడకు ఈక్వలైజర్ అంటే తెలియదు. కానీ రోజూ అద్దం మార్చి అద్దం పెట్టి, ఎదుటివాళ్ళ తడబాటులో నిజం పట్టుకునే మనిషి. తన తడబాటు కూడా దాచుకోలేదు. "తెలియట్లేదు, మళ్ళీ పెట్టండి" అని మూడుసార్లంది. చివరకు 'స' గుచ్చుకోవడం పోయింది. మాట మాత్రం ఎదురుగా కూర్చుని చెప్పినట్టే ఉంది. ఆవిడకు అలా ఉందట. ఆయన నమ్మాడు.

పంపబోయి ఆగాడు. ఏమీ చెప్పకుండా పంపినా సరిపోతుంది. సరిచేశానమ్మా అంటే ఆమె సంతోషిస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ ఏ మొహమూ పెట్టకుండా కూర్చుంది.

ఫోన్ చేశాడు. "తప్పు మీ మైకుది కాదమ్మా, నా చెవిది. పై శబ్దాలు నాకు సరిగ్గా అందట్లేదు. ఇవాళే తెలిసింది. ఇప్పుడు పంపేది మా ఆవిడ విని చెబితే సరిచేసింది. మిగతా ఏడు పాటలూ ఇంకెవరికైనా ఇస్తానంటే తప్పు పట్టను."

అవతల గిటారు ఎక్కడో పక్కన పెట్టిన చప్పుడు. "నేనూ ఒకటి చెప్పనా అన్నయ్యా? పైస్థాయి అందక నాకు రెండేళ్ళయింది. బడిలో ఎవరికీ తెలియనివ్వలేదు. ఎనిమిది పాటలూ శ్రుతి ఒక మెట్టు దించి పాడాను."

"తెలుసమ్మా."

"తెలుసా!"

"మొదటిసారి విన్నప్పుడే. గొంతు ఎక్కడా మునివేళ్ళ మీద నిలబడలేదు. హాయిగా కూర్చుంది. మంచి పని చేసింది ఈ అమ్మాయి అనుకున్నాను."

ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఆయనకు స్పష్టంగా వినపడింది. "మిగతా ఏడూ మీరే చెయ్యండి" అంది. "వదిన గారిని పక్కన కూర్చోబెట్టుకుని. పాటల మీద ఇద్దరి పేర్లూ వేస్తాను."

ఫోను పెట్టాక ఆయన ఏడాదిలో చేసిన పాటల జాబితా తెరిచాడు. నలభై ఒకటి. అన్నిటికంటే పాతది ఈలపాట వేసే ఒక తాతయ్యది. అందరికీ ఒకే ఉత్తరం రాశాడు: మీ పాట నావల్ల గుచ్చుకుంటోంది, మళ్ళీ చేసి ఇస్తాను. 'పంపు' నొక్కాక అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"షాపుకు ఇంకా అరగంట ఉంది" అంది ఆవిడ, స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుని. "ముందు ఆ ఈల తాతయ్య పాట పెట్టండి. ఏడాదిగా ఆ ఈల నా బుర్రలో మేకు దిగేసినట్టుంది, పాపం ఆయన బాగానే వేసుంటాడు."