హారన్లు వినిపించే అడవి

ఇరవై నాలుగేళ్ల వయసులో నాకు తెలియని విషయం ఉండేది కాదు. భీమవరం నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు పర్యావరణం పాఠం చెప్పే రోజులవి. "మనిషి చెయ్యి పడనిదే అసలైన అడవి" అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టేవాణ్ణి (అప్పటికి నేను చూసిన అతి పెద్ద అడవి మా ఊరి పక్క సరుగుడు తోట).

నేను కిరాయికున్న ఇంటి ఓనరమ్మది పెద్ద అంబర్‌పేట్ అవతల పల్లె. ఓ అక్టోబరు ఆదివారం, "ఎల్బీనగర్ అవతల జింకల పార్కుకు తోలుకపోతవా సారూ? చిన్నప్పుడు గా దిక్కు మేకలు కాసిన" అంది. బస్సులో దారి పొడుగునా ఆమెకు పాఠం చెప్పాను. "పేరుకే నేషనల్ పార్కు ఆంటీ. టికెట్టు, బెంచీలు, పక్కనే హైవే. దాన్ని అడవి అనరు." ఆమె "అట్లనా" అంది.

తిండి లోపలికి తేకూడదని టిఫిన్ డబ్బా గేటు దగ్గరే పెట్టించారు. జింకల్ని చూస్తూ చాలా దూరం నడిచాం. తిరిగి వచ్చేటప్పుడు నా తెలివి ఊరుకోలేదు. "బాట చుట్టు తిరుగుడు. ఇటు అడ్డంగా పోతే పది నిమిషాల్లో గేటు" అని తుమ్మచెట్ల మధ్యకు దారి తీశాను. అరగంట గడిచింది. లారీల హారన్లు స్పష్టంగా వినిపిస్తున్నాయి, కానీ ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి వెనక నుంచి. ముళ్లు నా ఇస్త్రీ చొక్కా పట్టుకుని వదలడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఓనరమ్మ ముఖం నిండా చెమట, చేతులు వణుకుతున్నాయి.

"పొద్దుగాల షుగర్ గోలి ఏసుకున్న. ఒక్క ఇడ్లీనే తిన్న. కండ్లు తిరుగుతున్నయ్ సారూ" అని నేల మీద కూర్చుండిపోయింది.

షుగర్ పడిపోయిందని అర్థమైంది. తీపిదేమైనా ఉందేమోనని జేబులన్నీ వెతికితే దొరికినవి రెండు మార్కర్ పెన్నులు. రూమ్మేటుకు ఫోన్ చేశాను. "ఎక్కడున్నావురా?" అన్నాడు. "తుమ్మచెట్టు దగ్గర." "ఏ తుమ్మచెట్టురా?" అప్పుడు చుట్టూ చూశాను. అన్నీ తుమ్మచెట్లే. "గేటుకెళ్లి ఎవరినైనా పంపరా, బాబ్బాబు" అంటుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఓనరమ్మ మాట ముద్దగా వస్తోంది. "గా పొదెనక సీతాఫలం చెట్టుండాలె... చిలుకలు అరుస్తున్నయ్. కాయ మీది కండ్లు ఇచ్చుకున్నదే తెంపు. మూసుకున్నది పచ్చిది." నేను ముళ్లలో దూరాను. చెట్టు నిజంగానే ఉంది. ఎన్ని కాయలు తడిమానో, అన్నీ రాళ్లే. ఆఖరికి పైకొమ్మన చిలుక సగం పొడిచిన పండు ఒకటి చేతికందింది. పరిగెత్తుకొచ్చి, ఈగల్ని ఊది, గుజ్జు తీసి ఆమె నోట్లో పెట్టాను. "గింజలు మింగకండి ఆంటీ" అని మాత్రం చెప్పాను (ఎంతైనా మాస్టార్ని కదా). ఆ తర్వాతి పావుగంట నా బతుకులోని పావుగంటలన్నిటిలోకీ పొడుగైనది. మెల్లగా వణుకు తగ్గింది. ఆమె కొంగుతో మూతి తుడుచుకుని, "ఏడుస్తున్నవేంది సారూ?" అంది.

ఆ పావుగంటా నేను పెట్టిన కేకలు విని కాపలాదారు వచ్చాడు. "ఈడ కాయలు తెంపొద్దని బోర్డున్నది, సదువురాదా?" అని నన్ను కసిరాడు. నాకు అంత మధురమైన తిట్టు మళ్లీ తగల్లేదు. ఆయన వెంట నడిస్తే బాట యాభై అడుగుల్లో ఉంది!

మర్నాడు క్లాసులో అడవి నిర్వచనం రాయబోయి చెయ్యి ఆగింది. చేతి నిండా ముళ్ల గీతలు. "పరీక్షకు పుస్తకంలో ఉన్నదే రాయండి. కానీ లోపలికెళ్లాక మనకు దారి తెలియని చోటు ఎంత చిన్నదైనా, హైవే పక్కనున్నా, అది అడవే" అన్నాను. "ఇది సిలబస్‌లో ఉందా సార్?" అని ఓ అమ్మాయి అడిగింది.

ఇప్పుడు ఎల్బీనగర్‌లోనే ఉంటున్నాను, జుట్టు పలచబడింది. అప్పటి నేను, ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు, ఎదురుపడితే వాదించను. కాసిన్ని మంచినీళ్లిచ్చి, "కాస్త దారి అడిగి వెళ్లు నాయనా" అంటాను. వినడు, నాకు తెలుసు. అయినా వాడంటే నాకిష్టమే.