పసుపు మొక్క పట్టుకున్న రాజు

నా దగ్గరున్న బంగారు బిళ్ళలు చూసిన ప్రతివాళ్ళూ మొదట అడిగే మాట ఒకటే. ఇవి ఎక్కడ చెల్లుతాయి? ఎక్కడా చెల్లవు అంటాను. అయితే నకిలీవా అంటారు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఊపిరి తీసుకునేంత సందు కూడా ఇవ్వరు. చదువుకున్నవాళ్ళూ అంతే, చదువుకోనివాళ్ళూ అంతే.

నకిలీ అనే మాటను మనవాళ్ళు వాడినంత తేలిగ్గా ఇంకో మాటను వాడరు. గీటురాయి మీద రుద్దితే బంగారమే, తూకం వేస్తే బంగారమే, కాలిస్తే బంగారమే. కాకపోతే దాని మీదున్న రాజు ఎప్పుడూ పుట్టలేదు. దాని మీదున్న అక్షరాలు ఏ భాషలోనూ లేవు. ఏ ప్రభుత్వమూ దాన్ని అచ్చు వేయలేదు. ఎవరో ఒక అవుసలాయన, అంటే కంసాలి, లేదా ఎవరో ఒక షావుకారు, తన ఇంట్లో తన అచ్చుతో, తన ఇష్టప్రకారం కొట్టించాడు. నాకు కావలసింది అదే. ప్రభుత్వం వేసిన నాణేలన్నీ ఒకే ముఖంతో ఉంటాయి. వీటిలో ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి చెయ్యి కనబడుతుంది.

నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి నా దగ్గర ఏడు ఉండేవి. ఒకదాని మీద గుర్రానికి అయిదు కాళ్ళు. చెక్కినాయన తోకను కూడా కాలుగా లెక్కపెట్టాడు. ఒకటి ఇంగ్లీషు రాణి కాసుకు నకలు, కానీ ఆ రాణికి ముక్కుపుల్ల ఉంది. ఇంకొకటి పతకం. ఒక రైసుమిల్లు యజమాని తన అరవయ్యో ఏట తన తలకే కిరీటం పెట్టించి కొట్టించుకున్నది. ఆయన పోయాక వాళ్ళింటివాళ్ళు సిగ్గుపడి అమ్మేశారు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆయన మీద గౌరవమే కలుగుతుంది. కిరీటం కావాలనుకున్నాడు, ఎవరినీ అడగకుండా పెట్టుకున్నాడు.

మా ఆయన దృష్టిలో ఇదంతా పిచ్చి. "బంగారం కొన్నోళ్ళు మెడల ఏసుకుంటరు. నువ్వేమో డబ్బల పెట్టి భూతద్దంతోటి సూసుకుంట కూసుంటవ్" అనేవాడు. మోటార్ల రిపేరు షాపులో పాత బేరింగులు ఆయన దాచుకున్నట్టే ఇది కూడా అని నేను అంటే, బేరింగు ఎప్పటికైనా పనికొస్తుందని ఆయన జవాబు.

నాకు ఆర్మూరు పక్కన పెర్కిట్‌లో రోడ్డు మీదనే మ్యాచింగ్ సెంటర్ ఉండేది. జాకెట్టు ముక్కలు, ఫాల్స్, లంగా బట్టలు. బి.కామ్ చదివి జాకెట్టు ముక్కలు కోస్తున్నావా అని అడిగినవాళ్ళకు నేను చెప్పిన జవాబులు ఇక్కడ రాయను. ఆ కొట్టు వల్ల నాకు దొరికిన గొప్ప లాభం ఏమిటంటే, చుట్టుపక్కల మండలాల ఆడవాళ్ళందరి మెడలూ నా కళ్ళ ముందుకు వచ్చేవి. చీర రంగు చూడమని వాళ్ళు కొంగు చాపితే నేను మెడలోకి చూసేదాన్ని.

హైవేను వెడల్పు చేస్తున్న రోజులవి. కొట్టు తెరిస్తే చాలు, బట్టల మీద వేలెడు దుమ్ము. పసుపు పంట అమ్మకాలు ముగింపుకొచ్చిన ఎండాకాలం మధ్యాహ్నం, ఏర్గట్ల నుంచి ఒకామె వచ్చింది. అరవై దగ్గర ఉంటుంది. ఆకుపచ్చ చీరకు జాకెట్టు ముక్క అడిగింది. మెడలో పుతలీల పేరు, బంగారు బిళ్ళలు గుచ్చిన దండ. చూడగానే చేతిలోని కత్తెర పక్కన పెట్టేశాను.

పుతలీలంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట. వెనకటి కాలంలో సముద్రం దాటి వ్యాపారానికి వచ్చినవాళ్ళు తెచ్చిన బంగారు నాణేలు కొన్ని ఉండేవి. వాటి మీద ఒకడు నిలబడి ఉంటాడు, ఒకడు మోకాళ్ళ మీద ఉంటాడు, మధ్యలో ఒక జెండా కర్ర. మన అవుసలివాళ్ళు వాటిని చూసి, సొంతంగా అచ్చులు చెక్కి, అలాంటివే కొట్టి, కొక్కేలు అతికి ఆడవాళ్ళ మెడల్లో వేశారు. చూసి చేసినదాన్ని చూసి ఇంకొకడు, వాణ్ణి చూసి మరొకడు. అలా అక్షరాలు గీతలయ్యాయి, మనుషులు బొమ్మలయ్యారు.

ఆమెను అడిగితే పేరు తీసి చేతిలో పెట్టింది. పదమూడు పుతలీలు. పన్నెండు మామూలువే. ఒకటి మాత్రం భూతద్దం కింద పెట్టగానే మిగతావన్నీ పక్కకు జరిపేశాను. జెండా కర్ర ఉండాల్సిన చోట పసుపు మొక్క ఉంది. పొడుగాటి ఆకు, ఆకు మధ్యన ఈనె, అడుగున దుంప, దుంపకు వేళ్ళు. ఆ చెక్కినాయనకు జెండా అంటే తెలియదు. కర్ర పైన వెడల్పుగా ఏదో వాలి ఉంది, అది ఆకే అనుకున్నాడు. ఆకున్నాక కింద దుంప లేకుండా ఎలా అని తానే పెట్టాడు. ఎక్కడి రాజో, ఆర్మూరు చేలల్లో పసుపు పీకి పట్టుకుని నిలబడ్డాడు. ప్రపంచంలో ఇంకే ఊళ్ళోనూ ఈ పొరపాటు జరగదు.

ఆమెను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. ఎక్కడివని అడిగితే చెప్పింది. వాళ్ళ మామ తాత పండించిన పసుపు చూసి మెచ్చి, ఎవరో రాజు పిలిచి మరీ ఇచ్చాడట. కోడలిగా వచ్చిన మొదటి ఏడే అత్త ఆ సంగతి చెప్పి మెడలో వేసిందట. ఇప్పుడు వాటిని ఆర్మూరులో బంగారం కొట్టులో ఇచ్చి లాంగ్ చైన్ తీసుకుందామని బయలుదేరింది. పెళ్ళిళ్ళకు వెళ్తే ఈ పుతలీలను చూసి వయసు పిల్లలు నవ్వుతున్నారట.

ఆ ఒక్కటి నాకివ్వమన్నాను. బంగారం కొట్టువాడు ఇచ్చేదానికంటే ఎక్కువే ఇస్తానన్నాను. సేటు తూకం వేసినాక చూద్దామంది. నేను కాదనలేదు. షట్టర్ దించి ఆమెతో పాటు ఆటో ఎక్కాను. నేను పక్కన లేకపోతే ఆ బిళ్ళ సాయంత్రానికి కరిగిపోతుందని నాకు తెలుసు.

బంగారం కొట్టు నిండా జనం. పసుపు అమ్మిన చేతులు నేరుగా అక్కడికే వస్తాయి. సేటు ఒక్కో పుతలీని రాయి మీద గీటి, ఆ గీత మీద ఆసిడ్ చుక్క వేసి చూశాడు. గీత చెదరలేదు. తర్వాత ఉలి తీశాడు. లోపల వేరే లోహం ఉందేమో చూడటానికి పాత బంగారానికి గాటు పెట్టడం వాళ్ళ అలవాటు. ఉలి పోయి సరిగ్గా పసుపు మొక్క మీద ఆగింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"చెయ్యి తియ్యిండ్రి మేడం. ఇవి డూప్లికేట్ కాయిన్లు. నకిలీ మాలుకు గాటు పెట్టకుంట ఎట్ల తీసుకుంటం" అన్నాడు సేటు, కొట్టంతా వినేలా.

ఇక నా నోరు ఆగుతుందా? నీ రాయి మీద నువ్వే గీటి చూశావు కదా, బంగారం కాదని రాసివ్వు అన్నాను. బంగారమే మేడం, కాయినే నకిలీ అన్నాడు. అవును, కాయిన్ నకిలీయే, అందుకే అది గొప్పది అన్నాను. అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. దీన్ని ఏ రాజూ కొట్టించలేదనీ, ఇక్కడి అవుసలాయనే ఎవరో విదేశీ నాణేన్ని చూసి అర్థం కాక జెండా బదులు పసుపు మొక్క చెక్కాడనీ, రాజు ఇచ్చాడన్న కథలన్నీ తర్వాత అల్లుకున్నవేననీ, ఆ పొరపాటులోనే దీని విలువంతా ఉందనీ, నిలబడ్డ జనానికి పాఠం చెప్పినట్టు చెప్పాను. నలుగురు ముందుకు వంగి చూశారు. ఒకతను నవ్వాడు. వాదన గెలిచానన్న సంతోషంలో ఆమె వైపు చూడలేదు.

చూసేసరికి ఆమె మెడను కొంగుతో కప్పుకుని ఉంది. పేరు అప్పటికే మెడలో లేదు, అయినా కప్పుకుంది.

"అంటే మా అత్త నాకు అబద్ధం చెప్పిందా చెల్లె?" అంది.

కాదని ఒక్క మాట అంటే అయిపోయేది. నేనన్నది ఏమిటంటే, అబద్ధం కాదక్కా, ఆమెకూ తెలియదు, ఇలాంటి కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఓదార్పు అనుకునే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఆమె భూతద్దం అడిగింది. ఆ బిళ్ళను వెలుతురుకు తీసుకుపోయి చాలాసేపు చూసింది. నలభై ఏళ్ళు మెడలో వేసుకున్నదాన్ని మొదటిసారి చూడటం అది.

"కాడి గాదు ఇది, గోల" అంది. కాడి అంటే పొడుగు కొమ్ము, గోల అంటే గుండ్రటి తల్లి దుంప. మార్కెట్లో రెండూ వేరు కుప్పలు. నేను అంతసేపు కొమ్ము అనుకున్నాను. "ఏసినాయన పసుపు తవ్వినోడే. తవ్వనోడికి ఇది తెల్వది."

నేనూ అదే అంటున్నానక్కా అని గంతేసినంత పని చేశాను. బిళ్ళ నాదైపోయిందనే అనుకున్నాను. ఆమె అద్దం నా చేతిలో పెట్టి, బిళ్ళ మాత్రం గుప్పిట్లోనే ఉంచుకుంది.

"నీ తాన పెట్టుకొని ఏం జేస్తవ్?"

"దాచుకుంటానక్కా. తెలిసినవాళ్ళకు చూపిస్తాను."

"సూపెట్టి ఏమని చెప్తవ్?"

ఉన్నదే చెబుతానన్నాను. ఆమె తల ఊపింది.

"గదే. మా అత్త మెడలది నకిలీదని పదిమందికి చెప్తవ్. కరిగితే బంగారమైతది చెల్లె. నీ తాన ఉంటే నకిలీగనే ఉంటది."

రెట్టింపు ఇస్తానన్నాను. ఆ మాట ఎందుకన్నానో. ఆమె నన్ను చూసిన చూపు చూస్తే, నేను కొట్టినా ఆమె అంత నొచ్చుకోదనిపించింది. బిళ్ళను పోయి సేటు ముందున్న పళ్ళెంలో తానే వేసింది.

వెనక గదిలో అవుసలాయన కొక్కేలు ఊడదీసి, పదమూడింటినీ మూసలో వేసి కుంపటి మీద పెట్టాడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఎవరూ పొమ్మనలేదు, పొమ్మంటే గొడవే అయ్యేది. నా ఫోనులో కెమెరా లేదు. కాగితం తీసి గీద్దామంటే బిళ్ళ అప్పటికే మూసలో ఉంది. పసుపు మొక్క ముందు పోయిందో రాజు ముందు పోయాడో కూడా తెలియలేదు. పావుగంటలో ఒక చిన్న ముద్ద.

ఆ సేటు మీద నాకు ఇప్పటికీ కోపం. బంగారం అని తన రాయే చెబుతున్నా, నకిలీ అని నలుగురిలో అరిచినందుకు. మెడలో పుతలీలు కనబడితే నవ్వే ఆ పెళ్ళిళ్ళ పిల్లల మీద కోపం. ఆ చెక్కినాయన పేరు కూడా మిగలనివ్వని ఊరి మీద కోపం. అన్నిటికంటే నా మీదే ఎక్కువ కోపం. కోపం తగ్గితే రాద్దామని ఇన్నేళ్ళు చూశాను. తగ్గలేదు, కాబట్టి అలాగే రాస్తున్నాను. అలాంటి బిళ్ళ ఇంకొకటి ఉందేమోనని ఆ తర్వాత ఎన్ని మెడలు చూశానో. కనబడలేదు.

తర్వాతి ఏడు పసుపు తవ్వకాలయ్యాక ఆమె మళ్ళీ నా కొట్టుకు వచ్చింది. రాదనుకున్నాను. మెడలో లాంగ్ చైన్, చివర లక్ష్మి బొమ్మ ఉన్న గుండ్రటి బంగారు కాసు. దూరం నుంచే గుర్తుపట్టాను. ఆ కొట్టువాళ్ళే మిషను మీద వందలకొద్దీ కొట్టించి అమ్మే కాసు అది. ఏ ప్రభుత్వమూ వేసింది కాదు. ఏ దేశంలోనూ చెల్లదు. నా డబ్బాలో ఉన్నవాటి జాతే, కాకపోతే దాని మీద ఏ మనిషి చెయ్యీ లేదు, ఒక్క పొరపాటూ లేదు.

ఆమె దాన్ని రెండు వేళ్ళతో పట్టి నా వైపు ఎత్తింది. "ఇది అసలుది చెల్లె. సేటు కాగితం గూడ ఇచ్చిండు."

మాట పళ్ళ దాకా వచ్చింది. చెప్పడానికి నా దగ్గర అరగంట మాటలున్నాయి, ఒక్కటీ తప్పు కాదు.

"మంచిగుందక్కా" అన్నాను.

ఆమె కాసును జాకెట్టు లోపల వేసుకుని, ముదురు ఎరుపు చీర తీసి బల్ల మీద పరిచింది. దానికి నేను తీసిచ్చిన జాకెట్టు ముక్క రంగు కలవలేదంది. కలిసిందన్నాను. వెలుతురుకు తీసుకుపోయి చూసి, కలవలేదంది. వెలుతురులో చూస్తే ఇంకా బాగా కలిసిందన్నాను. ఆ మధ్యాహ్నం ఆ ముక్క దగ్గర మాత్రం నేను ఒక్క మాట కూడా తగ్గలేదు.